‘ది షీల్డ్’ ముగింపు: రానీని వదిలేసింది విక్ ఒక్కడేనా?

తుంగభద్ర (ప్రశ్న)

ఈ చర్చలో ఏడు సీజన్ల కథా, ముగింపుతో సహా, బయటపడుతుంది కనుక ఇంకా చూడనివారు ఇక్కడే ఆగిపోవడం మంచిది.

అమెరికాలో ఎఫ్ఎక్స్ ఛానెల్ 2002 మార్చి నుంచి 2008 నవంబరు వరకు ప్రసారం చేసిన ‘ది షీల్డ్’ గురించి అడుగుతున్నాను. లాస్ ఏంజెలెస్‌లో ఫార్మింగ్టన్ అనే కల్పిత ప్రాంతం, పాత చర్చి భవనంలో నడిచే పోలీస్ స్టేషన్, ముఠాలను అణచడానికి అందులో ఏర్పాటు చేసిన ‘స్ట్రైక్ టీమ్’, దానికి నాయకుడు డిటెక్టివ్ విక్ మాకీ. తమ గుట్టు పైవారికి చేరవేయడానికి ఒప్పుకున్న సాటి అధికారి టెరీ క్రౌలీని విక్ మొదటి ఎపిసోడ్ చివరలోనే, ఒక దాడి మధ్యలో, ముఖం మీద కాల్చి చంపుతాడు. ఆ క్షణంలో పక్కన ఉన్నది షేన్ వెండ్రెల్ ఒక్కడే. బృందంలోని మిగతా ఇద్దరు, లెమ్‌కు గానీ రానీకి గానీ ఆ సంగతి తెలియదు. అక్కడి నుంచి ఏడు సీజన్ల పాటు విక్ నోట ఎప్పుడూ వినిపించే మాట ఒక్కటే: మనం ఒక కుటుంబం, ఒకరినొకరం కాపాడుకోవాలి.

చివరికి వచ్చేసరికి లెమ్‌ను షేన్ చంపాడు, షేన్‌ను చంపడానికి విక్, రానీ కలిసి పన్నాగం పన్నారు, షేన్ కూడా వారిద్దరినీ చంపడానికి పథకం వేశాడు. ఆఖరుకు విక్ ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ విభాగానికి చెందిన ఫెడరల్ అధికారుల ముందు కూర్చుని, గత నేరాలన్నిటికీ మినహాయింపు పొందే ఒప్పందం మీద సంతకం చేసి, టెరీ హత్యతో మొదలుపెట్టి అన్నీ చెప్పేస్తాడు. ఆ ఒప్పందంలో రానీకి చోటు లేదు. పారిపోదామని అంతకుముందు రానీ అడిగినప్పుడు ఆగమన్నవాడూ విక్కే, సంతకం పెట్టి వచ్చిన తరువాత కూడా ఏమీ కాలేదన్నట్టు ధైర్యం చెప్పినవాడూ విక్కే. మరునాడు స్టేషన్‌లో అందరి ఎదుటా సాటి డిటెక్టివ్ డచ్ వచ్చి రానీ చేతులకు బేడీలు వేస్తుంటే, నిజం అప్పుడు తెలిసి రానీ అరిచే అరుపు నన్ను చాలా కలతపెట్టింది.

నా సందేహం ఇది. విక్ చేసిన పనిని ఆఖరి నిమిషంలో జరిగిన ద్రోహంగా చూడాలా, లేక ఆ బృందంలో మనం చూసిన పరస్పర విధేయత మొదటి నుంచీ ఇటువంటిదే అనుకోవాలా? రెండో సీజన్‌లో అర్మడిల్లో అనే ముఠా నాయకుడి ముఖాన్ని విక్ పొయ్యి మీద కాల్చినందుకు, దానికి ప్రతీకారంగా కాలింది రానీ ముఖం. అయినా అతడు ఏనాడూ ఆ మాట ఎత్తి విక్‌ను నిలదీయలేదు. అటువంటివాడికి ఇది జరిగితే, అతడు స్వయంగా ఎన్నో నేరాలలో పాలుపంచుకున్నవాడే అని తెలిసి కూడా, మనసు అతడి వైపే ఎందుకు మొగ్గుతుందో నాకు అర్థం కావడం లేదు.

రాత్రిబండి

తుంగభద్ర గారూ, దీన్ని పూర్తిగా ద్రోహం అనే ఒక్క మాటలో పెట్టేయడం విక్ పాత్రకు కొంత అన్యాయం చేయడమే అవుతుందని నా అభిప్రాయం. ఒప్పందం గురించి మాటలు మొదలైనప్పుడు విక్ తనకూ రానీకీ కలిపే మినహాయింపు కావాలని పట్టుబట్టాడన్న సంగతి మరిచిపోకూడదు. రానీకి ఇవ్వడం కుదరదని ఫెడరల్ అధికారులు తెగేసి చెప్పిన తరువాత కూడా అతడు వెంటనే లొంగలేదు. లొంగింది, విడిపోయిన భార్య కొరీన్ అరెస్టయిందని నమ్మినప్పుడు. పిల్లల తల్లి జైలుకు పోతుందన్న భయంతో రానీకి అడిగిన చోటును కొరీన్‌కు ఇప్పించుకున్నాడు.

ఇందులో ఉన్న చేదు ఏమిటంటే ఆ అరెస్టే ఒక నాటకం. కొరీన్ అప్పటికే భర్త మీద పోలీసులకు సహకరిస్తోంది; ఆమెను అనుమానించకుండా ఉండటానికి అదే స్టేషన్ అధికారిణి క్లాడెట్ ఆ అరెస్టు ఏర్పాటు చేసింది. అంటే విక్ తన చిట్టచివరి స్నేహితుడిని బలి ఇచ్చింది, తనను ఎప్పుడో విడిచిపెట్టేసిన మనిషి కోసం. బృందం మీద విధేయత అబద్ధమైతే రచయితలు ఈ మెలిక పెట్టవలసిన పనే లేదు. రెండు నిజమైన విధేయతలు ఎదురుపడినప్పుడు ఒకటి ఓడిపోయిందని నేను చూస్తాను. మనలో చాలామంది ఆ స్థితిలో పిల్లల వైపే నిలబడతామేమో.

కోర్టుమెట్లు

వృత్తిరీత్యా క్రిమినల్ కేసులు చూసేవాణ్ణి కనుక, రాత్రిబండి గారి వాదన నాకు పూర్తిగా మింగుడుపడటం లేదు. ఆ ఒప్పంద సన్నివేశాన్ని భావోద్వేగాల వైపు నుంచి కాకుండా, ఎవరి దగ్గర అమ్ముకోవడానికి ఏముంది అన్న వైపు నుంచి ఒకసారి చూడండి.

ఈ నలుగురి దగ్గరా ఒకరి మీద ఒకరికి ఉన్న సాక్ష్యం తప్ప ఇంకే ఆస్తీ లేదు. ఆర్మేనియన్ ముఠా డబ్బు దోచినప్పుడు నలుగురూ కలిసి దోచారు. ఆ క్షణం నుంచి ప్రతి ఒక్కడూ మిగతా ముగ్గురికీ రక్షకుడు కాగలడు, మిగతా ముగ్గురి మీదా సాక్షి కూడా కాగలడు. వాళ్లు దాన్ని సోదరభావం అన్నారు గానీ, నేర విచారణలో దానికి ఉన్న విలువ వేరు. ముందుగా నోరు విప్పినవాడి మాటకే గిరాకీ, రెండోవాడి మాటను అడిగేవాడే ఉండడు. షేన్ విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. భార్య మారా, చిన్న కొడుకుతో పరారీలో ఉన్నంతకాలం, విక్‌ను పట్టిస్తానని బేరం పెట్టి కుటుంబాన్ని కాపాడుకోవచ్చునన్న ఆశ అతడికి మిగిలింది. తాను అన్నీ చెప్పేసి మినహాయింపు పొందానని విక్ ఫోనులో చెప్పగానే, షేన్ దగ్గర ఉన్న ఒకే ఒక్క సరుకు విలువ సున్నా అయిపోయింది. ఆ తరువాత అతడు గర్భవతి అయిన భార్యకూ కొడుకుకూ విషమిచ్చి తనను తాను కాల్చుకున్నాడు. ఆ పనికి షేన్‌దే బాధ్యత, దాన్ని ఇంకొకరి మీద వేయలేం. అయినా ఆ ఫోను సంభాషణలో విక్, ఇకపై జైల్లో ఉన్న మీ దంపతుల పిల్లలను అప్పుడప్పుడూ తానే చూసి వస్తుంటానన్నట్టు ఎత్తిపొడవడం చూస్తే, కుటుంబం కోసమే అన్నీ చేశాడన్న వాదన నిలబడటం కష్టం.

మన దగ్గర ఇటువంటి సందర్భంలో ‘అప్రూవర్’ అంటాం. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 306వ సెక్షన్, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 343వ సెక్షన్ దీనికి ఆధారం. నేరంలో పాలుపంచుకున్నవాడికి న్యాయస్థానం క్షమాభిక్ష ఇచ్చేది, ఆ నేరం గురించీ అందులో ఉన్న ప్రతి ఒక్కరి గురించీ తనకు తెలిసినదంతా దాచకుండా చెప్పాలన్న షరతు మీద. అంటే తోటి నేరస్థుడి పేరు చెప్పడం ఆ ఏర్పాటుకు ప్రాణం. సీరియల్‌లోని విచిత్రం దీనికి తలకిందులుగా ఉంటుంది. ఫెడరల్ అధికారులు విక్‌కు మినహాయింపు ఇచ్చింది బెల్ట్రాన్ అనే మాదకద్రవ్యాల వ్యాపారిని పట్టివ్వడానికి. టెరీ హత్య గురించి వాళ్లకు అప్పటిదాకా తెలియనే తెలియదు. సంతకం అయిన తరువాత రికార్డరు ముందు అతడు ఒకదాని తరువాత ఒకటి చెబుతుంటే, ఎదురుగా కూర్చున్న అధికారిణి ఒలీవియా ముఖం చూడండి: కొన్న వస్తువు ఏమిటో విప్పి చూసుకోకుండా డబ్బు కట్టేసిన మనిషి ముఖం అది.

కనుక నా సమాధానం: ఆ బృందంలో ప్రేమ ఉండి ఉండవచ్చు, నేను కాదనను. కానీ మొదటి హత్య తరువాత ఆ ప్రేమ నిలబడటానికి కావలసింది అందరి మౌనం. మౌనం అవసరమైన చోట, ఎవడు బలహీనుడో లెక్క వేసుకోవడం దానంతటదే మొదలవుతుంది.

పసిఫిక్‌తీరం

నేను దక్షిణ కాలిఫోర్నియాలో ఉంటున్నాను. ఈ చర్చకు కొంత అసలు చరిత్ర జోడించడం అవసరమనిపించింది, ఎందుకంటే ఈ కథ గాలిలోంచి పుట్టలేదు.

1990ల చివర లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖలో రాంపార్ట్ డివిజన్ కుంభకోణం బయటపడింది. నగర కేంద్రానికి పడమటగా, మెకార్థర్ పార్కు చుట్టూ మధ్య అమెరికా దేశాల నుంచి వలస వచ్చినవారు ఎక్కువగా ఉండే ఆ ప్రాంతంలో, ముఠాలను అణచడానికి ‘క్రాష్’ అనే ప్రత్యేక విభాగం పనిచేసేది. అందులోని రఫాయెల్ పెరెజ్ అనే అధికారి సాక్ష్యంగా భద్రపరిచిన కొకెయిన్‌ను దొంగిలించి 1998లో పట్టుబడ్డాడు. శిక్ష తగ్గించే ఒప్పందం కుదుర్చుకుని 1999లో అతడు మాట్లాడటం మొదలుపెట్టి, దాదాపు 70 మంది అధికారుల పేర్లు చెప్పాడు. దొంగ కేసులు, నిందితుల దగ్గర పోలీసులే పెట్టిన తుపాకులు, కోర్టులో తప్పుడు సాక్ష్యాలు బయటికి వచ్చాయి. వందకు పైగా శిక్షలను న్యాయస్థానాలు రద్దు చేయవలసి వచ్చింది.

వాటిలో అందరికీ గుర్తుండిపోయినది హావియర్ ఒవాండో కేసు. 1996లో పెరెజ్, అతడి జోడీ కలిసి నిరాయుధుడైన ఈ యువకుణ్ణి కాల్చి, పక్కన ఒక తుపాకీ పెట్టి, తమ మీదే దాడి చేశాడని ప్రమాణం చేసి చెప్పారు. నడుము కింది భాగం చచ్చుబడి చక్రాల కుర్చీలో ఉన్న ఆ మనిషికి 23 సంవత్సరాల జైలు శిక్ష పడింది. పెరెజ్ నోరు విప్పిన తరువాతే అతడు బయటికి వచ్చాడు. నగరం అతడికి 150 లక్షల డాలర్ల పరిహారం ఇచ్చింది.

‘ది షీల్డ్’కు మొదట అనుకున్న పేరే ‘రాంపార్ట్’. ఆ తరువాత పేరు మారింది, ప్రాంతం కల్పితమైంది, పోలీసుల బ్యాడ్జి కూడా అసలుదానిలా లేకుండా జాగ్రత్త పడ్డారు. మొదట విన్న కథలోని కీలకం మాత్రం అలాగే ఉంది: నిజం బయటికి వచ్చింది నిజాయితీపరుడైన సహోద్యోగి ఫిర్యాదు వల్ల కాదు, దొరికిపోయిన దొంగ తన శిక్ష తగ్గించుకోవడానికి చేసుకున్న బేరం వల్ల. రోడ్నీ కింగ్‌ను పోలీసులు కొట్టిన ఉదంతం తరువాత 1991లో వేసిన క్రిస్టఫర్ కమిషన్, అధికారులు ఒకరి తప్పు ఒకరు కప్పిపుచ్చుకునే మౌన సంప్రదాయాన్ని అప్పటికే ఎత్తిచూపింది. ఏడెనిమిదేళ్ల తరువాత రాంపార్ట్‌లో అదే మౌనం మళ్లీ కనిపించింది. కోర్టుమెట్లు గారు చెప్పిన బజారు లెక్క సీరియల్ రచయితల ఊహ కాదని అందుకే అంటున్నాను.

ఇంకొక చిన్న మాట. చాలామంది రాంపార్ట్ అనగానే ఎవరు విక్, ఎవరు షేన్ అని పోల్చి చూడటానికి ప్రయత్నిస్తారు. అది వృథా ప్రయాస. సీరియల్ సృష్టికర్త షాన్ రయన్ తీసుకున్నది పరిస్థితిని. మనుషులను ఆయన తానే తయారుచేసుకున్నారు.

పాతకరణం

ఇప్పటివరకు జరిగిన చర్చ అంతా ఆ నలుగురి చుట్టూనే తిరిగింది. విక్ మంచివాడా చెడ్డవాడా, రానీని అమ్మాడా కాపాడాడా అన్నదానికంటే, ఇటువంటి నలుగురిని ఒక పోలీసు శాఖ ఇన్నేళ్లు ఎందుకు భరించింది అన్న ప్రశ్న నాకు పెద్దదిగా కనిపిస్తుంది. దానికి సమాధానం మొదటి ఎపిసోడ్‌లోనే ఉంది.

ఆ ఎపిసోడ్‌లో కెప్టెన్ డేవిడ్ అసెవేడా రెండు పనులు చేస్తాడు. విక్ అవినీతిని రుజువు చేయడానికి టెరీ క్రౌలీని రహస్యంగా నియమిస్తాడు. అదే సమయంలో ఒక చిన్నపిల్ల కనిపించకుండా పోయి, ఆ పిల్ల ఎక్కడుందో తెలిసిన నిందితుడు నోరు విప్పకపోయేసరికి, అతడిని విక్‌కు అప్పగిస్తాడు. గది తలుపు మూసుకున్న తరువాత ఏం జరుగుతుందో తెలియని మనిషి కాదు అసెవేడా. చట్టం దాటినందుకు ఒక మనిషిని పట్టుకోవాలని చూస్తూనే, చట్టం దాటవలసిన అవసరం వచ్చినప్పుడు అతడినే పిలిచాడు. పిల్ల ప్రాణాలతో దొరికింది. చూసే మనం కూడా ఊపిరి పీల్చుకున్నాం. ఆ క్షణంలో విక్ చేతిలో పడింది ఆ నిందితుడొక్కడే కాదు, కెప్టెన్ కూడా పడ్డాడు, కొంతవరకు ప్రేక్షకుడు కూడా. (తుంగభద్ర గారి మనసు రానీ వైపు మొగ్గడానికి కారణం బహుశా ఇక్కడే మొదలై ఉంటుంది, మనం మొదటి రోజునే ఆ బృందంలో చేరిపోయాం.)

అదే ఎపిసోడ్‌లో క్లాడెట్ అసెవేడాతో అనే మాటల సారాంశం కూడా ఇదే. ఊళ్లో జనానికి కావలసింది తమ కారు దాకా భయం లేకుండా నడిచి వెళ్లడం. దానికోసం ఏ పేటలోనో ఎవరినో నాలుగు తన్నారంటే, దాని గురించి అడగాలని ఎక్కువమందికి ఉండదు. నేరాల సంఖ్య తగ్గిందని చెప్పుకోవడానికి పైవాళ్లకు విక్ కావాలి, నగర మండలి ఎన్నికలలో నిలబడటానికి అసెవేడాకు ఆ సంఖ్య కావాలి. అందువల్ల విక్ మీద ఫైళ్లు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి.

జూలియన్ లోవ్ సంగతి చూడండి. కొత్తగా ఉద్యోగంలో చేరిన, దైవభక్తి గల యువకుడు. స్ట్రైక్ టీమ్ దాడిలో దొరికిన మత్తుమందులో కొంత భాగం మాయం చేయడం కళ్లారా చూసి, ధైర్యం చేసి కెప్టెన్‌కు చెబుతాడు. అతడు స్వలింగ సంపర్కుడన్న రహస్యాన్ని విక్ పట్టుకుని, దాన్ని చూపించి బెదిరించి, ఇచ్చిన వాంగ్మూలాన్ని వెనక్కి తీసుకునేలా చేస్తాడు. ఇక్కడ జూలియన్‌కు అండగా నిలబడవలసిన వ్యవస్థ ఏదీ నిలబడలేదు. సాటివాళ్ల మీద నోరు విప్పితే ఏమవుతుందో స్టేషన్‌లో అందరికీ తెలిసిపోయింది.

నోరు విప్పి నిలబడిన ఒకే ఒక్క మనిషి క్లాడెట్. ఆమెకు జరిగింది ఏమిటి? ఒక ప్రభుత్వ డిఫెన్స్ న్యాయవాది ఏళ్ల తరబడి మత్తుకు బానిసై ఉండగానే కేసులు వాదించిందని తెలిసి, దాన్ని బయటపెట్టి తీరాలని పట్టుబట్టింది. దానివల్ల తాను స్వయంగా గెలిచిన కేసులలోని శిక్షలు కూడా కదిలిపోతాయని ఆమెకు తెలుసు. ప్రాసిక్యూటర్ కార్యాలయం ఆమెకు శత్రువైంది, చేతికి అందిన కెప్టెన్ పదవి పోయింది, ఆమెతో జోడీగా పనిచేసిన పాపానికి డచ్ కూడా మూలకు చేరాడు. దొంగతనం చేసిన విక్‌కు శాఖలో దక్కిన ఓపికలో సగం కూడా నిజం చెప్పిన క్లాడెట్‌కు దక్కలేదు. రానీని వదిలేసిన వాళ్ల జాబితాలో విక్ పేరు ఒక్కటే రాయడం అందుకే నాకు సమ్మతం కాదు. అతడు ఆ ఉద్యోగంలో చేరిన రోజున పక్కన విక్ బదులు క్లాడెట్ ఉండి ఉంటే ఏమయ్యేదో ఒక్కసారి ఆలోచించండి.

రాత్రిబండి

పాతకరణం గారూ, వ్యవస్థ తప్పు కాదనడం లేదు గానీ, అన్నీ వ్యవస్థ మీదికి తోసేస్తే ఆ సీరియల్‌లో మిగిలేది ఏమిటి? అదే స్టేషన్‌లో, అదే కెప్టెన్ కింద, డచ్ కూడా పనిచేశాడు. అతడూ అవమానాలు పడ్డాడు, పొగడ్తల కోసం తహతహలాడాడు, కొన్ని చిన్న చిన్న రాజీలూ చేసుకున్నాడు. కానీ హంతకుడు కాలేదు. వ్యవస్థ తలుపు తీసి ఉంచింది, లోపలికి నడిచినవాడు మాత్రం విక్.

కోర్టుమెట్లు గారి లెక్కకు లెమ్ ఎక్కడ సరిపోతాడో కూడా చెప్పాలి. అందరూ సాక్ష్యాన్ని సరుకుగా చూశారంటే, లెమ్ ఎందుకు అమ్మలేదు?

తుంగభద్ర

అందరికీ కృతజ్ఞతలు. రాత్రిబండి గారు లెమ్ పేరు ఎత్తారు కనుక, నేను అడగాలనుకుంటూ అడగలేకపోయినది ఇప్పుడు చెబుతాను.

దోచిన డబ్బును కొలిమిలో తగలబెట్టినవాడు లెమ్. తరువాత హెరాయిన్ దొరికిన కేసులో ఇంటర్నల్ అఫైర్స్ (పోలీసుల తప్పుల మీదే దర్యాప్తు చేసే విభాగం) లెఫ్టినెంట్ జాన్ కావనా అతడిని పట్టుకుని, శరీరానికి మైకు కట్టి బృందం మీదికి పంపితే, ఆ సంగతి స్నేహితులకు తెలిసేలా చేశాడు. చివరకు ఎవరి పేరూ చెప్పకుండా జైలుకు పోవడానికి కూడా సిద్ధపడ్డాడు. మొత్తం కథలో బృందం పట్ల చివరిదాకా నమ్మకంగా ఉన్నది అతడొక్కడే అని నాకనిపిస్తుంది. అతడు చచ్చిపోయింది కూడా ఆ నమ్మకం మీద ఇతరులకు నమ్మకం లేకపోవడం వల్ల. లెమ్ లొంగిపోయి అన్నీ చెప్పబోతున్నాడన్న అబద్ధం బృందం చెవిన పడింది. షేన్ తినడానికి శాండ్‌విచ్ చేతికిచ్చి, మాట్లాడుతూ మాట్లాడుతూనే కారులో గ్రెనేడ్ పడేశాడు.

కావనా గురించి కూడా ఇక్కడ ఒక మాట అనాలి. విక్ మీద అతడికి ఉన్న అనుమానాలు చాలావరకు నిజమే. కానీ నిజాన్ని రుజువు చేయలేక, ఆరో సీజన్‌లో అతడే సాక్ష్యాన్ని సృష్టించి పెట్టాడు, ఒక ఇన్ఫార్మర్ చేత అబద్ధం చెప్పించాడు, ఆ దారిలోనే తాను జైలుపాలయ్యాడు. అవినీతిపరుడిని పట్టుకోవడానికి వచ్చినవాడు కూడా, ఫలితం సరైనదైతే పద్ధతి ఎలా ఉన్నా ఫరవాలేదన్న విక్ సూత్రాన్నే పాటించాడు. కావనాగా వేసిన ఫారెస్ట్ విటేకర్ నటన గురించి అందరూ మాట్లాడతారు, నాకు మాత్రం ఆ పాత్ర రాసిన తీరులోనే ఎక్కువ బలం కనిపించింది: ప్రేక్షకుడు విక్ బయటపడాలని కోరుకుంటూ, అతడిని తరుముతున్న మనిషి దాదాపు అన్ని విషయాలలోనూ సరైనవాడని తెలిసి కూడా అతడిని ద్వేషిస్తాడు. మనసు ఎందుకు అటు మొగ్గిందన్న నా మొదటి ప్రశ్నకు పాతకరణం గారు కొంత సమాధానం ఇచ్చారు, దానికి నేను ఇది చేర్చుకుంటున్నాను.

కోర్టుమెట్లు గారికి ఒక చిన్న ప్రశ్న. విక్ చెప్పినదంతా రికార్డయింది కదా, ఆ టేపు ఉంటే చాలు, రానీకి శిక్ష ఖాయమేనా?

కోర్టుమెట్లు

ముందు లెమ్ గురించి. అతడు అమ్మలేదు, నిజమే. నేను చెప్పిన లెక్కను అతడు ఒప్పుకోలేదు. కానీ ఆ లెక్క అమలు కావడానికి అతడి ఒప్పుదల అవసరం లేకపోయింది. అమ్ముతాడేమోనని షేన్ అనుకోవడం ఒక్కటి చాలింది. షేన్ ఎందుకు అలా అనుకున్నాడంటే, టెరీని ఎందుకు చంపవలసి వచ్చిందో కళ్లారా చూసినవాడు అతడొక్కడే. మొదటి రోజు విక్ దగ్గర నేర్చుకున్న పాఠాన్నే అతడు లెమ్ మీద అప్పజెప్పాడు. అందుకే లెమ్ చావు తెలిసిన తరువాత విక్ చూపిన ఆగ్రహంలో నిజమైన దుఃఖంతో పాటు, తనను తాను గుర్తుపట్టకుండా ఉండాలన్న ఆత్రం కూడా ఉందనిపిస్తుంది.

ఇక మీ ప్రశ్న. టేపు ఒక్కటే చాలదు. అమెరికా రాజ్యాంగం ఆరో సవరణ ప్రకారం నిందితుడికి తన మీద సాక్ష్యం చెప్పేవాడిని ఎదురుగా నిలబెట్టి ప్రశ్నించే హక్కు ఉంది. విచారణాధికారుల ముందు ఇచ్చిన వాంగ్మూలాన్ని, దాన్ని ఇచ్చిన మనిషిని ఎదుర్కొని ప్రశ్నించే అవకాశం నిందితుడికి ఇవ్వకుండా, అతడి మీద సాక్ష్యంగా వాడటం కుదరదని అక్కడి సుప్రీంకోర్టు 2004లో క్రాఫర్డ్ కేసులో గట్టిగా చెప్పింది. మన చట్టంలో కూడా అప్రూవర్ న్యాయస్థానానికి వచ్చి చెప్పవలసిందే, అతడి మాటకు ఇతర సాక్ష్యాల బలం కూడా ఉండాలని న్యాయస్థానాలు చూస్తాయి. టెరీ హత్య విషయంలో రానీ ఆ గదిలోనే లేడు, ఆ సంగతి అతడికి తెలిసింది చాలా ఏళ్ల తరువాత. డబ్బు దోపిడీ వంటి నేరాలకు విక్ తప్ప బతికి ఉన్న ప్రత్యక్ష సాక్షి ఎవరూ లేరు. లెమ్, షేన్ ఇద్దరూ పోయారు.

కనుక రానీ కేసు విచారణకు వస్తే, ప్రాసిక్యూషన్ విక్‌ను సాక్షి బోనులోకి తీసుకురాక తప్పదు. ఫెడరల్ కార్యాలయంలో మూడేళ్ల పాటు బల్ల దగ్గర నివేదికలు రాయవలసిన ఉద్యోగంలో ఉన్న ఆ మనిషి, సూటూ టైతో వచ్చి, ఎదురుగా కూర్చున్న రానీని చూపిస్తూ, ఫలానా రోజున ఇతడు నాతో కలిసి ఫలానా పని చేశాడని చెప్పాలి. సహకరించడం అతడి ఒప్పందంలో ఒక షరతైతే, నోరు మూసుకోవడం వల్ల మినహాయింపే పోవచ్చు. రానీ తరఫు న్యాయవాది కొంచెం తెలివైనవాడైతే, దోపిడీ గురించి అడగడానికి ముందు, టెరీ క్రౌలీ మీద కాల్పులు జరిపింది ఎవరని విక్‌ను అడుగుతాడు. ఆ ఒక్క సమాధానంతో సాక్షి విశ్వసనీయత ఎంత మిగులుతుందో జ్యూరీ తేల్చుకోవాలి.

పాతకరణం

అటువంటి విచారణ జరిగితే అసెవేడాను కూడా బోనులో నిలబెట్టాలి. టెరీని ఆ బృందంలో గూఢచారిగా పెట్టింది ఎవరు, అతడు చనిపోయిన తరువాత ఆ సంగతి తెలిసి కూడా ఏళ్ల తరబడి విక్‌తో లావాదేవీలు నడిపింది ఎవరు అని అడిగే న్యాయవాది రానీకి దొరుకుతాడని ఆశిస్తున్నాను.